ఫాంటసీ కొండ కోర్సులో 95 దాటుతోందా? పీజీఏ టూర్ 2కే23 ఆడే తమ్ముడికి జవాబు

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని ముందు నీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తున్నా. పీజీఏ టూర్ 2కే23 అనే గోల్ఫ్ వీడియో గేమ్‌లో మామూలు టూర్ కోర్సుల మీద నువ్వు పార్ (కోర్సుకి లెక్కగట్టి పెట్టిన షాట్ల సంఖ్య) కన్నా నాలుగైదు తక్కువకే ముగిస్తున్నావు. ఈమధ్య ఎవరో ప్లేయర్ డిజైన్ చేసిన ఫాంటసీ కొండ కోర్సు ఒకటి మొదలుపెట్టావు. పార్ 72. ఫెయిర్‌వేలన్నీ (బంతిని నడిపించే గడ్డి దారులు) శిఖరాల మీద, గ్రీన్లు (రంధ్రం, జెండా ఉండే నున్నటి గడ్డి) కొండ అంచుల్లో, మధ్యలో లోయలు. అక్కడ స్కోరు 95 దాటుతోంది. అన్నిటికన్నా 16వ హోల్ నిన్ను ఏడిపిస్తోంది. పార్ 3, 214 గజాలు, గ్రీన్ ఏమో టీ (మొదటి షాట్ కొట్టే చోటు) కన్నా 190 అడుగుల కింద. ఎడమ పక్క కొండ గోడ, మిగతా మూడు వైపులా లోయ, ఎడమ నుంచి కుడికి గాలి. "అన్నా, క్లబ్బులు మార్చాలా, డిఫికల్టీ తగ్గించాలా, లేక కోర్సే చెత్తదా?" అని అడిగావు.

క్లబ్బులు అలాగే ఉంచు. డిఫికల్టీ కూడా ఇప్పుడే ముట్టుకోకు. మామూలు కోర్సుల్లో అండర్ పార్ ఆడుతున్నావంటే నీ స్వింగ్ బాగానే ఉంది. నువ్వు పంపిన స్కోర్‌కార్డ్ చూస్తే ఆరు హోల్స్‌లో పార్లు ఉన్నాయి, ఇంకో ఆరింటిలో ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉన్నాయి. స్వింగ్ పాడైనవాడి కార్డు అలా ఉండదు, అన్ని చోట్లా ఒక్కో బోగీ (పార్ కన్నా ఒకటి ఎక్కువ) పడుతూ పోతుంది. నీది లోయలో బంతులు పారేసుకునేవాడి కార్డు. టూర్ కోర్సులో జెండాకి గురిపెట్టి కొడితే, తప్పినా రఫ్‌లోనో (పొడవు గడ్డి) బంకర్‌లోనో (ఇసుక గొయ్యి) పడి ఒక షాట్ పోతుంది. ఇక్కడ అదే తప్పుకి రెండు మూడు పోతాయి. కాబట్టి కొండ మీద ప్రతి షాట్‌కీ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: బంతి ఎక్కడ ఆగుతుంది? ఎక్కడ పడుతుందన్నది దాని తర్వాతి సంగతి. కింద రాసినదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కోర్సు చెత్తదా అన్నదానికి ముందు చెబుతా. ఈ గేమ్ చేసిన హెచ్‌బీ స్టూడియోస్ కెనడాలోని నోవా స్కోషియా వాళ్లది. 2014లో ది గోల్ఫ్ క్లబ్ అనే గేమ్ తెచ్చినప్పటి నుంచి కోర్సులు తయారుచేసే టూల్‌ని ఆటగాళ్ల చేతికే ఇస్తున్నారు. దాంతో రెండు రకాల కోర్సులు పుట్టాయి. కొందరు అమెరికాలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ (లేజర్‌తో నేలని కొలిచే పద్ధతి) ఎత్తుల డేటా తీసుకుని నిజమైన కోర్సుల్ని అంగుళం తేడా లేకుండా దింపే ప్రయత్నం చేస్తారు. ఇంకొందరు మనసుకి తోచిన కొండల్ని నిలబెడతారు. నిజమైన ఆర్కిటెక్ట్‌కి మట్టి తవ్వడానికి డబ్బు కావాలి, నీళ్లు పోయే దారి కావాలి, గడ్డి కోసే మెషిన్ ఎక్కగలిగే వాలు కావాలి, నడిచే మనిషికి బాట కావాలి. ఫాంటసీ డిజైనర్‌కి ఇవేమీ అడ్డం రావు. అందుకే స్కోర్‌కార్డ్ మీద అతను రాసిన పార్‌ని చట్టంలా తీసుకోకు, అది అతని అభిప్రాయం. 480 గజాల హోల్, మధ్యలో రెండు లోయలు, పైగా అంతా ఎక్కుడు. దాన్ని పార్ 4 అని రాసినా నువ్వు మనసులో పార్ 5 అనుకుని ఆడు. నీ కార్డులో 4వ హోల్, 11వ హోల్ అలాంటివే. అక్కడ ఐదు వస్తే నిశ్చింతగా ముందుకి వెళ్లిపో.

అయినా నిజ జీవితంలోనూ ఇలాంటి పిచ్చి ఉంది. దక్షిణాఫ్రికాలో లింపోపో ప్రాంతంలో హాంగ్లిప్ అనే కొండ మీద ఒక పార్ 3 టీ ఉంది. అక్కడికి హెలికాప్టర్‌లో వెళ్లాలి. గ్రీన్ 400 మీటర్లకు పైగా కింద ఉంటుంది, ఆకారం ఆఫ్రికా ఖండం మ్యాపులా ఉంటుంది. దాంతో పోలిస్తే నీ 16వ హోల్ చాలా మర్యాదస్తురాలు.

ఇప్పుడు అసలు విషయం, ఎత్తు లెక్క. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు, ఎందుకంటే నీ పెద్ద అంకెల్లో సగం ఇక్కడి నుంచే వస్తున్నాయి.

ఎయిమ్ మార్కర్ (గురి గుర్తు) పెట్టగానే గేమ్ దూరంతో పాటు ఆ చోటు నీకన్నా ఎన్ని అడుగులు పైన ఉందో, కింద ఉందో చూపిస్తుంది. గోల్ఫ్‌లో అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. మూడడుగులు దిగితే ఒక గజం తీసేయ్, మూడడుగులు ఎక్కితే ఒక గజం కలుపు. చిన్న ఎత్తులకి ఇది చాలు. పెద్ద కొండల మీద మాత్రం ఏ క్లబ్ కొడుతున్నావన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. బంతి నేలకి దిగే కోణం క్లబ్‌ని బట్టి మారడమే దీనికి కారణం. టూర్ ప్రొఫెషనల్స్ సగటు చూస్తే డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) బంతి దాదాపు 38 డిగ్రీల కోణంలో దిగుతుంది, 7 ఐరన్ (మధ్య దూరాల క్లబ్) 50 డిగ్రీల దగ్గర, వెడ్జ్ (దగ్గరి దూరాలది) ఇంకొంచెం నిలువుగా. వాలుగా దిగే బంతికి కింద ఖాళీ దొరికితే చాలా ముందుకి పోతుంది, నిలువుగా దిగేది అంతగా పోదు. అంచేత గజం దిగువకి డ్రైవర్ గజంపావు లాభం ఇస్తుంది, మధ్య ఐరన్లు ముప్పావు గజం కన్నా కొంచెం ఎక్కువ, వెడ్జ్ ముప్పావు గజం. ఎక్కుడులో నష్టం కూడా ఇదే లెక్క.

ఉదాహరణకి టీ నుంచి ఫెయిర్‌వే 90 అడుగుల కింద ఉందనుకో. 90 అడుగులంటే 30 గజాలు. డ్రైవర్ మామూలుగా 280 గజాల క్యారీ (బంతి గాలిలో వెళ్లే దూరం) అయితే ఇక్కడ 315 దాటి పడుతుంది. అదే 90 అడుగుల కిందకి పిచింగ్ వెడ్జ్ కొడితే 136 గజాల షాట్ 158 దాకా వెళ్తుంది. రెండింటికీ ఒకే 30 గజాలు కలిపేస్తే డ్రైవర్ ఫెయిర్‌వే చివర దాటి దూకేస్తుంది, వెడ్జ్ గ్రీన్ ముందు లోయలోకి జారుతుంది. 7వ హోల్‌లో నీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

ఇంకో సంగతి. దిగువ మరీ ఎక్కువైతే, అంటే 100, 150 అడుగులు దాటితే, అడుగుకి వచ్చే లాభం తగ్గుతూ పోతుంది. గాలి ఆపుతుండటంతో బంతి ముందుకి వెళ్లే వేగం పోగొట్టుకుని చివర్లో దాదాపు నిలువుగా రాలుతుంది. అందుకే పెద్ద దిగువలకి ఐరన్ లెక్కలో ముప్పావు కన్నా ఎక్కువ ఎప్పుడూ వేయకు.

ఎక్కుడు వైపు ఒక గోడ లాంటి హద్దు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. టూర్ స్థాయి షాట్లలో డ్రైవర్ అయినా వెడ్జ్ అయినా బంతి ఎగిరే గరిష్ఠ ఎత్తు దాదాపు ఒకటే, 30 గజాల చుట్టుపక్కల. అంటే 90 అడుగులు. నీకన్నా 90 అడుగుల పైన ఉన్న గ్రీన్ మీదికి బంతి అసలు ఎక్కదు, ఏ క్లబ్ తీసినా సరే. 70 అడుగుల పైనున్న దానికి ఎక్కుతుంది గానీ, ఎగిరి శిఖరానికి చేరిన బంతి అప్పుడే వంగడం మొదలుపెట్టే చోట నేల తగులుతుంది, అంటే చాలా పల్చని కోణంలో. అది ఆగదు, జారుకుంటూ వెనక్కి పోతుంది. ఫాంటసీ కోర్సుల్లో డిజైనర్ చూసుకోకుండా ఇలాంటి హోల్స్ పెట్టేస్తాడు. మార్కర్ మీద +80 కనిపిస్తే జెండాని వదిలేసి మధ్యలో ఏదైనా మెట్టులాంటి చోటు వెతుకు, అక్కడి నుంచి 50 అడుగులో 40 అడుగులో మిగిలేలా చూసుకో.

దీనికి తిరగేసినదే దిగువ షాట్‌కి ఉన్న సుఖం. బంతి నిలువుగా పడుతుంది కాబట్టి పడిన చోట దగ్గర్లోనే ఆగుతుంది. కిందనున్న చిన్న గ్రీన్ చూసి జనం భయపడతారు గానీ, నన్నడిగితే పైనున్న పెద్ద గ్రీన్ కన్నా అదే నయం.

దిగువలో కష్టం గాలిది. మామూలు 7 ఐరన్ గాలిలో ఆరు సెకన్ల దాకా ఉంటుంది. 190 అడుగుల కిందకి కొడితే ఇంకో రెండు సెకన్ల పైనే కలుస్తుంది. ఆ రెండు సెకన్లూ బంతిని గాలి తోస్తూనే ఉంటుంది, పైగా అప్పటికే తోసి ఉంచిన వేగం మీద తోస్తుంది. అందుకే పక్క గాలికి బంతి జరిగే దూరం మామూలు కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దాకా అవుతుంది. టూర్ కోర్సులో 10 మైళ్ల పక్క గాలికి నువ్వు ఎంత పక్కకి గురిపెడతావో అంతే ఇక్కడా పెడుతున్నావు, సరిపోవడం లేదు. "గాలి తక్కువే ఉంది కదన్నా" అన్నావు చూడు, గాలి తక్కువే, బంతి దానికి ఎక్కువసేపు దొరుకుతోంది.

కంటిని నమ్మకు. వెనక పెద్ద శిఖరం ఉంటే గ్రీన్ దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఇది నిజమైన కోర్సుల్లోనూ ఉన్న భ్రమే. దూరపు కొండలు నునుపు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. స్కౌట్ కెమెరాతో (షాట్‌కి ముందు హోల్ అంతా తిప్పి చూపించేది) గ్రీన్ దాకా వెళ్లు, వెనక నుంచి టీ వైపు తిరిగి చూడు. టీ నుంచి చదునుగా కనిపించిన ఫెయిర్‌వే ఎటు ఒరిగిందో, గ్రీన్ ముందు ఎంత ఖాళీ ఉందో, వెనక బంతిని ఆపే గట్టు ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. కొత్త కోర్సులో మొదటి రౌండ్ స్కోరు కోసం ఆడకు, ఇలా చూసుకోవడానికే ఆడు. ఒంటరిగా ఆడే రౌండ్‌లో షాట్‌ని వెనక్కి తిప్పే వీలుంటే సిగ్గుపడకుండా వాడుకో. ఒకే చోటు నుంచి రెండు క్లబ్బులు కొట్టి చూస్తే పైన చెప్పిన లెక్క నీ చేతికి ఎంత సరిపోతుందో తేలిపోతుంది.

టీ షాట్ సంగతికొస్తే, డ్రైవర్ బ్యాగులోంచి ఎప్పుడు తీయాలన్నదానికి నా దగ్గర చిన్న లెక్క ఉంది. నీ 9వ హోల్ తీసుకుందాం. పార్ 5, లోయ దాటాలంటే 255 క్యారీ కావాలి, దాటితే రెండో షాట్‌కే గ్రీన్. లేదంటే ఎడమ పక్క శిఖరం వెంట 190 గజాల దగ్గర వెడల్పాటి చోటుంది, అక్కడ దింపి మూడు షాట్లలో గ్రీన్ చేరొచ్చు. దాటితే సగటున 4.5 వస్తుందనుకో, ఎడమ దారిలో 5.1 అనుకో. లోయ అంతా అవుట్ ఆఫ్ బౌండ్స్ (ఆట హద్దు బయట) కాబట్టి తప్పిన ప్రతిసారీ రెండు షాట్లు పోతాయి: కొట్టినదొకటి, పెనాల్టీ ఒకటి, మళ్లీ అక్కడి నుంచే. పదిసార్లలో ఆరుసార్లు దాటగలిగితే ఆ హోల్‌లో నీ సగటు 5.8 దాకా పోతుంది. పదికి ఎనిమిది దాటగలిగితే రెండు దారులూ దాదాపు సమానం, డ్రైవర్‌కి వెంట్రుకవాసి మొగ్గు. కాబట్టి పదికి ఎనిమిది మీద నీకు నమ్మకం లేకపోతే ఎడమకే కొట్టు. మనం గుర్తుంచుకునేది దాటిన రెండు సార్లే, అందుకే మన మీద మనకి నమ్మకం ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. లోయ అంచు పెనాల్టీ ఏరియాగా ఉండి, బంతి దాటిన చోటు దగ్గరే డ్రాప్ (పెనాల్టీతో బంతిని మళ్లీ పెట్టుకునే వీలు) దొరికితే లెక్క కొంచెం మారుతుంది, పదికి ఏడైనా కొట్టొచ్చు. కొన్ని కోర్సుల్లో రెండూ కలిసి ఉంటాయి. మొదటి రౌండ్‌లోనే ఎక్కడ ఏది ఉందో చూసిపెట్టుకో.

డ్రాప్ అంటే గుర్తొచ్చింది. బంతి పోయాక గేమ్ అడిగినప్పుడు కంగారుగా మొదటి ఆప్షన్ నొక్కేస్తున్నావేమో. డ్రాప్ ఇచ్చే చోటు ఒక్కోసారి కొండ వాలు మీద, రఫ్‌లో, ఎదురుగా రాయితో ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో బంతి పోవడం ఖాయం. టీ మీద చదునైన నేల ఉంది, ఇందాక కొట్టిన షాట్ ఎంత తేడా వచ్చిందో తెలుసు. చాలాసార్లు మళ్లీ టీ నుంచి కొట్టడమే చవక. ఏడు, ఎనిమిది వచ్చిన హోల్స్‌లో రెండో బంతి కూడా పోయి ఉంటుంది, ఓసారి చూసుకో.

వాలు నేల మీద నిలబడి కొట్టే షాట్లు కొండ కోర్సులో తప్పవు. కుడిచేతివాటం ఆటగాడికి బంతి పాదాల కన్నా పైన ఉంటే ఎడమకి లాగుతుంది, కింద ఉంటే కుడికి జారుతుంది. ఎక్కుడు వాలులో బంతి ఎత్తుగా పోయి దూరం తగ్గుతుంది, దిగుడు వాలులో పల్చగా పోయి పడ్డాక పరుగెడుతుంది. ఇది తెలిసిందే. తెలిసినా చాలామంది మరిచిపోయేది, ఈ వాలు ఎత్తు లెక్క మీద కూడా పడుతుందని. దిగుడు వాలులో నిలబడి కిందున్న గ్రీన్‌కి కొడితే బంతి పల్చగా బయల్దేరుతుంది కాబట్టి దిగే కోణం తగ్గుతుంది, పైన చెప్పిన నిలువుగా ఆగే సుఖం పోతుంది. అప్పుడు గ్రీన్ ముందు భాగానికే గురిపెట్టు.

ఫెయిర్‌వే మీద వాలు మాత్రం శత్రువే అనుకోనక్కర్లేదు. మంచి ఫాంటసీ డిజైనర్ ఒక పక్క లోయ పెడితే రెండో పక్క బంతిని లోపలికి నెట్టే గట్టు పెడతాడు, లేకపోతే హోల్ ఆడటానికే పనికిరాదు. ఆ గట్టుని వెతికి దాని మీదికి కొట్టు. కెనడాలో బాన్ఫ్ స్ప్రింగ్స్ కోర్సు 4వ హోల్, డెవిల్స్ కాల్డ్రన్ అంటారు, దీనికి మంచి పాఠం. స్టాన్లీ థాంప్సన్ 1920ల్లో చేసిన పని. ఎత్తైన టీ, కింద చిన్న కొండ సరస్సు, అవతల గ్రీన్, వెనక మౌంట్ రండల్ గోడలా లేచి ఉంటుంది. చూస్తే గుండె జారుతుంది గానీ గ్రీన్ గిన్నెలా ఉండి అంచుల్లో పడ్డ బంతిని లోపలికి లాక్కుంటుంది. భయం కళ్లకి, దయ నేలకి పెట్టాడాయన. ఈఏ అనే ఇంకో గేమ్ కంపెనీ వాళ్ల 2023 పీజీఏ టూర్ గేమ్‌లో ఆ కోర్సు ఉంది, నీ దగ్గరుంటే ఆ హోల్ ఒక్కటి పదేపదే ఆడు.

గ్రీన్ పక్కన ఆట గురించి ఎక్కువ చెప్పను. ముందు నుయ్యి, వెనక గొయ్యి ఉన్న గ్రీన్ మీద ఫ్లాప్ షాట్ (బంతిని బాగా ఎత్తుకి లేపి మెత్తగా దింపేది) జోలికి పోకు. అది బాగా పడినప్పుడు యూట్యూబ్ క్లిప్ అవుతుంది, మిగతాసార్లు నీ కార్డులో తొమ్మిది అవుతుంది. చిప్ చేసి దొర్లించు, జెండాకి ఎనిమిది అడుగుల దూరంలో ఆగినా పర్లేదు. జెండా అంచుకి దగ్గరగా ఉంటే దాని వైపు ఆశగా చూడకుండా గ్రీన్ మధ్యకి కొట్టి రెండు పట్లతో (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు) బయటపడు.

పటింగ్‌కొస్తే కొండ కోర్సులో కన్ను మళ్లీ మోసం చేస్తుంది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లో బ్రాడ్‌మూర్ కోర్సు ఉంది. అక్కడ కొండ మీద విల్ రోజర్స్ స్మారక గోపురం కనిపిస్తుంటుంది. పట్లన్నీ ఆ గోపురానికి దూరంగా వంగుతాయని అక్కడి క్యాడీలు (ఆటగాడి బ్యాగు మోసేవాళ్లు) ప్రతివాళ్లకీ చెబుతారు. కొండ మొత్తం ఒక వైపు ఒరిగి ఉన్నప్పుడు, దాని మీద కొంచెం తక్కువ ఒరిగిన గ్రీన్ కంటికి రెండో వైపు వాలినట్టు కనిపిస్తుంది. ఎక్కుడు అనుకుని గట్టిగా కొడితే అది దిగుడు అవుతుంది. గేమ్‌లో నీకు గ్రిడ్ ఉంది, దాని మీద కదిలే చుక్కలు వాలు ఎటో చెబుతాయి. మొత్తం కొండ దృశ్యాన్ని మరిచిపోయి ఆ చుక్కల్నే చూడు. రంధ్రం దగ్గరి చివరి మూడోవంతు మీద ఎక్కువ చూపు పెట్టు, ఎందుకంటే బంతి నెమ్మదించాకే వాలు మాట వింటుంది.

పట్ బలానికి గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క: అంగుళం ఎక్కితే అడుగు కలుపు, అంగుళం దిగితే అడుగు తీసేయ్. 20 అడుగుల పట్, 5 అంగుళాల ఎక్కుడు అయితే 25 అడుగుల పట్‌లా కొట్టు. ఇది స్టింప్ 10 వేగం ఉన్న గ్రీన్‌కి దాదాపు సరిగ్గా సరిపోతుంది. స్టింప్ అంటే గాడి ఉన్న ఒక పట్టీ మీంచి వదిలిన బంతి చదును గ్రీన్ మీద ఎన్ని అడుగులు దొర్లుతుందో ఆ అంకె. 12 వేగంలో అంగుళానికి అడుగుంపావు వేసుకో. అదే లెక్కలోంచి ఇంకోటి కూడా తేలుతుంది. 12 వేగం గ్రీన్ మీద వాలు 6 శాతం దాటాక దిగువకి వదిలిన బంతి ఆగనే ఆగదు. ఆరడుగుల పట్ తప్పి లోయలో పడటం గేమ్ తప్పు అని కోప్పడ్డావు కదా, అది ఈ లెక్కే. నిజమైన కోర్సుల్లో అందుకే జెండాని 3 శాతం లోపు వాలు ఉన్నచోటే పెడతారు. ఫాంటసీ డిజైనర్లలో అందరూ ఇది చూసుకోరు. అలాంటి గ్రీన్ మీద అప్రోచ్ షాట్‌ని (గ్రీన్ మీదికి కొట్టేది) ఎప్పుడూ వాలులో జెండా కన్నా కిందే ఆపు, ఎక్కుడు పట్ 15 అడుగులున్నా దిగుడు పట్ నాలుగడుగుల కన్నా మేలు.

ఇక సెట్టింగులు. ఏదైనా తగ్గించాలనిపిస్తే స్వింగ్ డిఫికల్టీకి ముందు గ్రీన్ల వేగం తగ్గించు, తర్వాత గాలి తగ్గించు, ఆ తర్వాత గ్రీన్‌కి దగ్గరగా ఉండే ముందు వరస టీలు ఎంచుకో. డిజైనర్ వెనక టీల నుంచి ఆడమని పెట్టి ఉంటాడు, కానీ చాలా కోర్సుల్లో ముందు టీ నుంచి లోయ దాటే క్యారీ 40, 50 గజాలు తగ్గిపోతుంది, హోల్ అప్పుడే అర్థవంతంగా ఉంటుంది. స్వింగ్ సులువు చేస్తే మాత్రం నీ అలవాటే పాడవుతుంది, మళ్లీ టూర్ కోర్సుకి వెళ్లినప్పుడు ఇబ్బంది పడతావు. ఇంకోటి, లోయ ఎదురుగా కనిపిస్తుంటే టెన్షన్‌లో కంట్రోలర్ స్టిక్ త్వరగా ముందుకి తోసేస్తాం, టెంపో (స్వింగ్ వేగం) ఫాస్ట్ అయి బంతి పక్కకి పోతుంది. అంచు షాట్లలో ఫుల్ స్వింగ్ కన్నా ఒక క్లబ్ ఎక్కువ తీసుకుని నిదానంగా ఆడటం నాకు బాగా పనిచేస్తుంది.

చివరగా నీ 16వ హోల్. 214 గజాలు, 190 అడుగుల కింద. 190 అడుగులంటే 63 గజాలు. పెద్ద దిగువ, ఐరన్ షాట్, కాబట్టి ముప్పావు: 47 గజాలు. 214లోంచి 47 తీస్తే 167. నువ్వు 5 ఐరన్ తీసి 200 కొడుతున్నానన్నావు, అది గ్రీన్ దాటి 30 గజాల అవతల లోయలోకి పోవడంలో ఆశ్చర్యం లేదు. 170 గజాల క్లబ్ తీసుకో, నీ బ్యాగులో 7 ఐరన్. బంతి నిలువుగా పడుతుంది కాబట్టి దొర్లుడు కోసం ఏమీ తీసేయక్కర్లేదు, గ్రీన్ మధ్యకే కొట్టు. గాలి ఎడమ నుంచి కుడికి, కుడి పక్క లోయ. టూర్ కోర్సులో ఆ గాలికి పది గజాలు ఎడమకి గురిపెట్టేవాడివైతే ఇక్కడ పద్దెనిమిది, ఇరవై గజాలు పెట్టు, అంటే దాదాపు కొండ గోడ మీదికి. గోడకి గురిపెట్టడం మొదట్లో చేతికి ఒప్పదు. కానీ గాలి ఉన్నట్టుండి తగ్గినా బంతి గోడకి తగిలి గ్రీన్ వైపే పడే అవకాశం ఎక్కువ, కుడికి గురిపెడితే అలాంటి అవకాశమే లేదు. జెండా కుడి అంచున ఉన్న రోజు కూడా ఇదే షాట్. ముప్పై అడుగుల పట్ మిగిలితే మిగలనీ, మూడు పట్లు పడ్డా నాలుగే, ఏడు కాదు. ముందు టీ నుంచి ఆడితే దూరం, దిగువ రెండూ మారతాయి, అప్పుడు మార్కర్ చూపించే అంకెలతో ఇదే లెక్క మళ్లీ వేసుకో. 170 కొట్టాక కూడా బంతి గ్రీన్ ముందే పడిపోతుంటే ఎదురుగాలి ఎంతుందో, స్వింగ్ టెంపో ఏం చూపిస్తోందో ఇక్కడే రాయి, చూసి చెబుతా.